పాదధూళి: సాకర్ సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: ఇది ఫుట్‌బాల్, సాకర్ కాదు.

ఈ సూత్రానికి కర్త ఎవరో తెలియదు. ఇంగ్లండులో పబ్బుల్లోనూ స్టేడియం మెట్ల మీదా, ప్రపంచ కప్పు జరిగే ఏడాదైతే ఎక్కడ పడితే అక్కడా, అమెరికా యాసలో ఎవరైనా ఆట ఊసెత్తిన మరుక్షణం ఇది వినబడుతుంది. అపౌరుషేయం అందామంటే స్వరంలో పౌరుషం మరీ ఎక్కువ. పాఠాంతరాలూ ఉన్నాయి. కొందరు ‘కాదు’కు ముందు ఒక తిట్టు చేర్చి పఠిస్తారు. అది ప్రక్షిప్తమని మా నిర్ణయం. అర్థానికి ఏమీ కలపదు గనుక దానికి టీక రాయడం లేదు. కోలాచలం మల్లినాథ సూరి మూలంలో లేనిది రాయనని నియమం పెట్టుకుని కాళిదాసుకు వ్యాఖ్య చేశాడు. మాకు ఆ నియమం గిట్టుబాటు కాదు. మూలంలో ఉన్నవి నాలుగే మాటలు, తగవు మాత్రం అట్లాంటిక్‌కు రెండు గట్ల మీదా నడుస్తోంది.

ముందుగా పదవిభాగం. ‘ఇది’ సర్వనామం. అటు పదకొండు మంది, ఇటు పదకొండు మంది, గుండ్రటి బంతి, మైదానంలో ఆట సాగుతుండగా గోల్‌కీపర్ తప్ప ఎవరూ దాన్ని చేత్తో ముట్టకూడని ఆట. ఇందులో వివాదం లేదు. ఏ ఆటో ఉభయులకూ తెలుసు, తెలియకపోతే తగవే రాదు. చిక్కంతా ‘ఫుట్‌బాల్’ దగ్గర. సూత్రకారుడి పక్షం వారు ఈ మాటను యౌగికంగా, అంటే అవయవాల అర్థాన్ని పట్టుకుని సాధిస్తారు. ఫుట్ అంటే పాదం, బాల్ అంటే బంతి, పాదంతో తన్నే బంతి గనుక ఫుట్‌బాల్. అమెరికాలో కోలబంతిని చంకన పెట్టుకుని పరుగెత్తే ఆటకు ఆ పేరు చెల్లదు. వినడానికి తిరుగులేని వాదమే. కానీ శాస్త్రం ఏ లక్షణంలోనైనా రెండు దోషాలు వెతకమంటుంది. వర్తించవలసిన చోట వర్తించకపోతే అవ్యాప్తి, వర్తించకూడని చోటికి పాకితే అతివ్యాప్తి. పాపం, ఈ వ్యుత్పత్తికి రెండూ పట్టాయి.

అవ్యాప్తి చూడండి. 1863 అక్టోబరు 26న లండన్‌లో ఫ్రీమేసన్స్ టావెర్న్ అనే సత్రంలో, ఎబెనీజర్ కాబ్ మోర్లీ చొరవతో కొన్ని క్లబ్బుల వాళ్లు కూడి ఫుట్‌బాల్ అసోసియేషన్ పెట్టారు. డిసెంబరుకల్లా 13 నిబంధనలు రాసుకున్నారు. వాటి ప్రకారం బంతి పట్టుకుని పరుగెత్తకూడదు, చేత్తో విసరకూడదు, ఆట సాగుతుండగా నేల మీది బంతిని చేత్తో ఎత్తకూడదు. కానీ గాలిలో వచ్చే బంతిని శుభ్రంగా రెండు చేతులా పట్టవచ్చు. పట్టినవాడు వెంటనే మడమతో నేల మీద గుర్తు పెట్టి ఫ్రీ కిక్ కోరవచ్చు. గోల్‌కీపర్ ప్రస్తావన వాటిలో ఎక్కడా లేదు. అంటే నేటి ఆట పుట్టిననాడే, ఫుట్‌బాల్ అన్న పేరు కిందే, అందరి చేతులకూ కొంత పని ఉంది. ఇక అతివ్యాప్తి, అంటే పాదం పేరు చేతుల ఆటకూ పాకడం. డెర్బీషైర్‌లోని ఆష్‌బోర్న్ ఊళ్లో భస్మ బుధవారం నాడూ, దాని ముందు రోజూ ఊరు రెండుగా చీలి ఆడే ఆట ఒకటుంది. గోల్ స్థలాల మధ్య దూరం మూడు మైళ్లు. బంతి ఎక్కువసేపు జనం గుంపులో చేతుల మధ్యే నలుగుతూ సాగుతుంది. దాని పేరూ ఫుట్‌బాలే, అదీ అసోసియేషన్ పుట్టకముందు నుంచే. ఇది చూసి కొందరు అసలు అర్థం ‘కాలితో తన్నేది’ కాదు, ‘గుర్రమెక్కకుండా కాలినడకన ఆడేది’ అని సర్దుతారు. దానికి చూపే ఆధారం ఊహ ఒక్కటే. స్కాట్లండు పార్లమెంటు 1424లోనే ఈ ఆటను నిషేధించింది గాని, నిషేధించేవాళ్లు ఆడవద్దంటారే తప్ప ఎలా ఆడేవారో రాసిపెట్టరు. కనుక యోగార్థం ఏ రకంగానూ నిలవదు. మిగిలింది రూఢి. బురదలో పుట్టినవన్నీ పంకజాలు కానట్టే, కాలికి తగిలిన బంతులన్నీ ఫుట్‌బాళ్లు కావు. జనం దేన్ని అలా పిలుస్తూ వచ్చారో అదే ఫుట్‌బాల్. ఇది ఒప్పుకుంటే ఏ జనం అన్న ప్రశ్న వెంటనే వస్తుంది. సూత్రకారుడు దాన్ని అడగనివ్వడు.

‘సాకర్’ శబ్దాన్ని సాధిద్దాం. 1871లో రగ్బీ ఫుట్‌బాల్ యూనియన్ ఏర్పడ్డాక ఇంగ్లండులో రెండు ఫుట్‌బాళ్లకు రెండు అధికార సంస్థలు నిలిచాయి, రగ్బీ ఫుట్‌బాల్, అసోసియేషన్ ఫుట్‌బాల్ అని. ఆక్స్‌ఫర్డ్ కుర్రకారుకు ప్రతి మాటనూ కత్తిరించి చివర ‘అర్’ ప్రత్యయం తగిలించే జబ్బు ఉండేది. బ్రేక్‌ఫాస్ట్ వాళ్ల నోట బ్రెకర్ అయింది. అదే సూత్రంతో రగ్బీ రగ్గర్, అసోసియేషన్ సాకర్. మాట మొదలు వదిలేసి నడుమ అక్షరాలు ఎందుకు తీశారంటే, మొదటివి తీస్తే ఇంగ్లీషులో గాడిద పలుకుతుందని ఒక ఊహ. సభ్యత కోసం అంగీకరిద్దాం. తర్వాత ఇంగ్లండు జట్టుకు ఆడిన చార్లెస్ రెఫర్డ్-బ్రౌన్ ఒకనాడు ‘రగ్గర్ ఆడతావా’ అంటే ‘సాకర్’ అని బదులిచ్చాడని, మాట అలా పుట్టిందని కథ. ఇలాంటి కథలు ప్రతి మాటకూ ఒకటి ఉంటాయి. గట్టి సాక్ష్యం కావాలంటే, 1889లో ఇంగ్లీషు కవి ఎర్నెస్ట్ డౌసన్ ఒక లేఖలో ఈ మాటను ‘సాకా’ అని రాశాడు. వర్ణక్రమం కుదురుకోని పసితనంలోనే అది ఇంగ్లండులో తిరుగుతోందన్నమాట. ఫిఫా పేరులో చివరి అక్షరం కూడా ఈ అసోసియేషనే. సాకర్‌ను తిట్టే అభిమాని దాని కన్నతల్లిని చొక్కా మీద మోస్తూనే తిడుతున్నాడు.

ఇక్కడ బలమైన పూర్వపక్షం ఒకటి ఉంది, దాన్ని తేలిగ్గా తోసేయకూడదు. సాకర్ అన్నది పెద్దింటి బడుల పిల్లల మాట. గనుల్లోనూ మిల్లుల్లోనూ పనిచేసి శనివారం మధ్యాహ్నం ఆట చూసిన శ్రామికుడు ఎప్పుడూ ఫుట్‌బాల్ అనే అన్నాడు. కనుక ఇప్పటి కోపం అమెరికా మీద కాదు, పాత దొరల మీద అని. ఇందులో నిజం లేకపోలేదు. మాట పుట్టిన ఇల్లు దొరలదే. కానీ అది ఆ ఇంట్లోనే ఉండిపోలేదు. 1960లో లండన్‌లో మొదలైన పత్రిక తన పేరు వరల్డ్ సాకర్ అని పెట్టుకుంది. మాంచెస్టర్ యునైటెడ్‌ను తీర్చిదిద్దిన మాట్ బస్బీ స్కాట్లండు గనికార్మికుడి కొడుకు, తానూ గనిలో పనిచేసినవాడు. 1973లో వచ్చిన ఆయన పుస్తకం పేరు సాకర్ ఎట్ ద టాప్. ఆయనకు ఆ మాటలో దొరతనం వినబడలేదు. మిషిగన్ విశ్వవిద్యాలయంలో పనిచేసే ఆర్థికవేత్త స్టెఫాన్ షిమాన్స్కీ 2014లో పత్రికల భాషను పరిశీలించి, 1980 దాకా బ్రిటన్‌లో సాకర్ విరివిగా వాడారనీ, ఆ తర్వాతే తగ్గుముఖం పట్టిందనీ చూపాడు. 1975లో పెలే న్యూయార్క్ కాస్మోస్‌లో చేరాడు, అమెరికా లీగ్ పేరు లోకానికి తెలిసింది, ఆ మాటకు అమెరికా వాసన అంటింది. దొరల మీది కోపమే కారణమైతే అది వందేళ్ల ముందే రావలసింది.

మరి అమెరికా వాళ్లు ఆట పేరు చెడగొట్టారన్న అభియోగం? 1869లో రట్గర్స్, ప్రిన్స్‌టన్ కళాశాలల మధ్య జరిగిన పోటీని అక్కడివాళ్లు తమ ఫుట్‌బాల్‌కు ఆదిగా చెప్పుకుంటారు. ఆ రోజు నిబంధనల ప్రకారం బంతి పట్టుకుని పరుగెత్తడానికే వీల్లేదు. తర్వాత కళాశాలలు రగ్బీ పద్ధతికి మళ్లాయి, పేరు ఆటతో పాటు వెళ్లింది. ఇక గుండ్రటి బంతి ఆట చూసే సంస్థ 1913లో పుట్టినప్పుడు యునైటెడ్ స్టేట్స్ ఫుట్‌బాల్ అసోసియేషనే. 1945లో సాకర్ అన్న మాట చేర్చుకుంది, 1974లో గాని ఫుట్‌బాల్‌ను వదల్లేదు. ఫుట్‌బాల్ నిజానికి ఇంటిపేరు. అన్నదమ్ముల్లో ఊళ్లో ఉండిపోయినవాణ్ణి ఊరు ఉత్త ఇంటిపేరుతోనే పిలుస్తుంది, మిగతావాళ్లకు ముద్దుపేర్లు కావాలి. ఐర్లండులో చాలా చోట్ల ఆ వారసుడు గేలిక్ ఆట. మెల్‌బోర్న్‌లో 1859లోనే, అంటే లండన్ కంటే నాలుగేళ్లు ముందే, సొంత నిబంధనలు రాసుకున్న ఆట. 2005లో ఆస్ట్రేలియా సంస్థ సాకర్‌ను పేరులోంచి తీసేసి ఫుట్‌బాల్ పెట్టుకుంది. జాతీయ జట్టును మాత్రం ఇప్పటికీ సాకరూస్ అనే అంటారు. బోర్డు మార్చినంత తేలిక కాదు పిలుపు మార్చడం.

లోకంలో అత్యధికులు ఫుట్‌బాల్ అనే అంటారు గదా అని మరో ఆక్షేపణ. అంటారు. జర్మన్లు, స్పానిష్ వాళ్లు, పోర్చుగీసులు తమ తమ భాషల రూపాల్లో. కానీ ఇటలీ సంస్థ 1909లో ఫుట్‌బాల్‌ను తీసేసి కాల్చో పెట్టుకుంది; దానికి తన్ను అని అర్థం, అందులో పాదం లేదు, బంతి లేదు. పైగా ఆ పేరు అరువిచ్చిన పాత ఫ్లోరెన్స్ ఆటలో చేతులతో నిక్షేపంగా ఆడేవారు. జపాన్ సంస్థ సొంత భాషలో తనను సక్కా సంఘం అంటుంది. వీళ్ల మీద సూత్రకారుడు ఎన్నడూ అరవడు, ఇటలీ వాణ్ణి కాల్చో అనవద్దని దబాయించడు. ఈ మౌనమే మాకు ప్రధాన ప్రమాణం. సూత్రంలో ‘ఫుట్‌బాల్’ విధి కాదు, అలంకారం; ‘ఇది’ నిమిత్తమాత్రం; ‘సాకర్’ ఒక మనిషిని గుర్తుపట్టే ఆనవాలు. విధి అంతా ‘కాదు’లో ఉంది. కనుక తాత్పర్యం: నువ్వు మావాడివి కాదు.

తెలుగువారికి దీనితో ఏం పని అంటే, కాస్త ఉంది. హైదరాబాదు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిన భారత జట్టు 1956లో నాలుగో స్థానం సాధించింది మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లోనే. అక్కడివాళ్లు ఫుట్‌బాల్ అనే తమ ఆటను అవే ఒలింపిక్స్‌లో ప్రదర్శన క్రీడగా ఆడించారు కూడా. రహీం జట్టు పేరు తగవులోకి దిగకుండా ఆస్ట్రేలియాను 4–2తో ఓడించింది. మన పత్రికలేమో మామూలు రోజుల్లో ఫుట్‌బాల్ అనీ, ప్రపంచ కప్పు రాగానే ‘సాకర్ సమరం’ అనీ రాస్తాయి. అమెరికా పక్షపాతం కాదది, యతి మోజు. అయితే లాక్షణికంగా చూస్తే ‘ఫుట్‌బాల్ పోరు’కూ యతి చెల్లుతుంది, ప, ఫలకు మైత్రి ఉంది, ఉ, ఓలకూ ఉంది. కాలమ్ వెడల్పు చాలలేదంటే అది వేరే శాస్త్రం.