రెండు సర్టిఫికెట్ల వేటపోతు

ఆదివారం పొద్దున్నే రాజమండ్రిలో వేటమాంసం కొట్టు ముందు నిలబడే పెద్దమనిషికి రెండు రుజువులు కావాలి. కొక్కేనికి వేలాడుతున్నది పోతే అయి ఉండాలన్నది మొదటిది. మన కొట్లలో తోలు వలిచినా వట్టలు వదిలేసేది అందుకే. గొర్రెను కోసి పోతని అమ్మడం లేదనడానికి అవే సాక్ష్యం. "పోతేనా?" అంటాడాయన. "ఆయ్, సూస్కోండి బాబూ" అంటాడు కొట్టతను. చూసి తృప్తిపడ్డాక రెండో ప్రశ్న: "విత్తులు కొట్టించిందేనా? లేపోతే కంపొస్తది."

రుజువు వేలాడుతూ ఉండాలి, ఆ రుజువు ఏనాడూ పనిచేసి ఉండకూడదు! ఇటలీ పశువైద్యుడు బర్డిజో పేరుతో వాడుకలో ఉన్న పటకారు ఒకటుంది. దాంతో నొక్కితే తోలు తెగదు, నెత్తురు రాదు. లోపలి నాళాలు నలిగి వట్టలు మెల్లగా ఎండి కుంకుడుకాయలంత అవుతాయి. అలాంటి పోతును వేలాడదీస్తే ఇదే పెద్దమనిషి "ఇంతే ఉన్నాయేంటి? గొర్రెకు కుట్టి తెచ్చావా?" అని తగువుకు దిగుతాడు. నిండుగా కనిపిస్తే విడిగా పొట్లం కట్టమంటాడు. కారం దట్టించి వేయించుకు తింటే ఒంటికి బలమట. పోతు ఒంట్లో ఉంటే కంపు, తన కంచంలో ఉంటే బలం.

ఈ విత్తుల పిచ్చి మనకు ఊరికే పట్టుకోలేదు. వరిచేలో దమ్ము చేసే రోజుల్లో కోడెకు విత్తులు కొట్టించకపోతే కాడి కింద నిలిచేది కాదు. తర్వాత ట్రాక్టరొచ్చింది, ఎడ్లు పోయాయి, సలహా మాత్రం అరుగు మీద మిగిలిపోయింది. చేతిలో కోడె లేక పొట్టేలుపిల్ల మీద పడింది. ఎద్దుతో అరక దున్నించాలి, సరే. పొట్టేలుపిల్ల మనకు చేసిపెట్టే పని ఎదగడం ఒక్కటే కదా! ఆ ఎదుగుదలకు కావాల్సిన టెస్టోస్టిరాన్ ఊరేది ఆ వట్టల్లోనే. ఒకే మేత మేసిన పిల్లల్లో విత్తులున్నవి దాదాపు 10 శాతం వేగంగా బరువు పెరుగుతాయని, వాటికి కండ ఎక్కువ, కొవ్వు తక్కువ అని దేశదేశాల ప్రయోగాల్లో తేలింది. కొట్టించినవాటికి పట్టేది కొవ్వు. డాక్టరు కొవ్వు తినొద్దన్నాడని ముక్కముక్కా తిప్పి చూసేదీ ఆ పెద్దమనిషే.

మరి కంపు? ముదిరిన పొట్టేలులో ఉంటుంది. మేకపోతులో ఇంకా ఎక్కువ. ఆరేడు నెలల పిల్లలో దాన్ని పట్టుకోవడం కష్టం. అల్లం వెల్లుల్లి, లవంగం, దాల్చినచెక్క, గసగసాలు వేసి మా గోదావరి జిల్లాల పద్ధతిలో ఇగరబెట్టాక కూడా దాన్ని పసిగట్టే ముక్కు ఎవరికైనా ఉంటే, ఆ ముక్కు వేటమాంసం దగ్గర వృథా అవుతోంది. పోలీసు శాఖవారు చూసుకోవాలి.

న్యూజిలాండ్ గొర్రెల రైతులు ఇంకో ఎత్తు వేశారు. వట్టలను పైకి, పొట్టవైపు నెట్టి కింద తిత్తికి రబ్బరు రింగు వేస్తారు. తిత్తి రాలిపోతుంది, వట్టలు పైనే ఉండిపోతాయి. ఒంటి వేడికి పిల్లలు పుట్టించే శక్తి పోతుంది. కండ పెంచే శక్తి మాత్రం ఉంటుంది. తెలివైన పనే గానీ ఆ పోతు మన కొట్లో మొదటి పరీక్షే తప్పుతుంది. వేలాడేదేదీ?

డెల్టాలో షెడ్లు వేసి పెంచేవాళ్ళ లెక్క వేరు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఈ నేల వరికి పోయింది. తర్వాత భీమవరం, ఆకివీడు వైపు చేపల చెరువులు తవ్వారు. గొర్రెలకు మిగిలింది కోతలయ్యాక వరిమళ్ళు, కాలువగట్లు. అందుకే ఇక్కడ మూడు నెలల నెల్లూరు జోడిపి రకం పొట్టేలుపిల్లలను కొని, చొప్ప, తవుడు, దాణా పెట్టి ఇంకో మూడు నాలుగు నెలల్లో అమ్మేస్తారు. షెడ్డులో ఉన్నవన్నీ మగపిల్లలే. ఆడదే లేనిచోట ఏ కాపురం చెడుతుందని ఈ ముందుజాగ్రత్త? విత్తులు కొట్టించిన పిల్ల నొప్పికి నాలుగు రోజులు మేత సరిగా ముట్టదు. షెడ్డులో ఉండేదే కొద్ది నెలలు, అందులో ఆ నాలుగు రోజులు దండగ.

గొర్రెలతో కలిపి ఏడాదికి పైగా మేపే మంద అయితే నేనూ కొట్టించమనే అంటాను. బాగా ఎదిగిన పిల్లను బేరగాడు ముందే ఎత్తుకుపోతాడు. గిడసబారింది మందలో మిగిలి వచ్చే ఏటి పిల్లలకు తండ్రవుతుంది. చెల్లెలనీ తల్లనీ చూడదు. విత్తనానికి ఒక మంచి పొట్టేలును ఉంచుకుని మిగతావాటిని పశువుల డాక్టరుకు చూపించాలి. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం విత్తులు కొట్టించడాన్ని నిర్ణీత పద్ధతిలో చేస్తే హింస కిందకు రాదంది. రెండు కర్రల మధ్య పెట్టి నలగ్గొట్టే ఊరి నిపుణుడిది ఏ పద్ధతో ఆయన్నే అడగాలి.

సరే, రుచి మాటే నిజమనుకుందాం. తగ్గిన బరువుకు డబ్బులెవరిస్తారు? బేరగాడు షెడ్డు దగ్గర కాటా వేసి కిలోల చొప్పున కొంటాడు. విత్తుల సంగతి అడగడు. కొట్లో బోర్డు మీదా మటనుకు ఒకటే ధర. పక్కనే "విత్తులు కొట్టించిన పోతు, కిలోకు 100 రూపాయలు ఎక్కువ" అని ఇంకో బోర్డు పెట్టమనండి. పెద్దమనిషి కళ్ళజోడు సర్దుకుని రెండు బోర్డులూ చదువుతాడు. తర్వాత సంచి చాపి, "అందులోంచే కొట్టు, అంతా ఒకటేలే" అంటాడు.