నంబరు క్షేమం, రేకు సంగతి అడక్కండి

స్వాన్సీలో కూర్చున్న బ్రిటిష్ రిజిస్ట్రేషన్ దొరలు పాత కార్ల భక్తుల మొర ఆలకించారు. 2025 ఆగస్టు 26 నుంచి ముసలి కారును ఉన్నదున్నట్టు బాగుచేసుకుంటే వాళ్ళకు కబురైనా పెట్టనక్కర్లేదు. ఛాసిస్ కోసి మార్చినా సరే, ఆ ముక్క వాళ్ళ చెవిన వేస్తే చాలు, పాత నంబరూ పాత రిజిస్ట్రేషనూ పదిలం. భక్తుల్లో ఒకటే సంబరం. వారసత్వం నిలిచిందట!

ఏ వారసత్వమో కాస్త వంగి చూద్దాం. 1961 మార్చిలో జెనీవాలో తెర తీసిన జాగ్వార్ ఈ-టైప్‌కి లారీకి ఉన్నట్టు కింద ఆ చివర నుంచి ఈ చివరి దాకా ఛాసిస్ ఉండదు. మధ్యలో రేకులు మడిచి అతికించిన తొట్టి, దాని ముందుగోడకి బోల్టులతో బిగించిన సన్నటి చదరపు గొట్టాల చట్రం. ఇంజన్ని మోసేదీ, ముందు చక్రాల్ని పట్టుకునేదీ ఆ గొట్టాలే. ఏళ్ళు గడిచేకొద్దీ అవి లోపలినుంచి తుప్పు పడతాయి, పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. బుద్ధున్న మెకానిక్ బోల్టులు విప్పి, పాతది పారేసి, కొత్తది బిగిస్తాడు. తయారుచేసినవాళ్ళు బోల్టులు పెట్టిందే అందుకు.

కానీ ఛాసిస్ నంబరు కొట్టి ఉండేది ఎక్కడనుకున్నారు? సరిగ్గా ఆ పారేయాల్సిన చట్రం మీదే, ముందు షాక్ అబ్జార్బర్ బిగించే చోటికి పైన! ఇంకేముంది, గుండెపోటు. కొత్త ఇనుము మీద పాత నంబరు కొట్టించేవారు కొందరు. ఆ నంబరున్న ముక్కని కోసి తెచ్చి కొత్త చట్రంలో అతికించే మహానుభావులు మరికొందరు. ఇంజన్ని మోసే చట్రానికి, నాలుగు అంకెల ముక్క కోసం, కావాలని ఒక అతుకు! దాన్ని ‘ఒరిజినాలిటీ కాపాడటం’ అంటారు.

వేలంపాటల్లో దీని పెద్ద మంత్రం ‘మ్యాచింగ్ నంబర్స్’. ఛాసిస్, ఇంజను, గేర్‌బాక్సు, బాడీ... అన్ని నంబర్లూ కంపెనీవారి హెరిటేజ్ సర్టిఫికెట్‌తో కలవాలి. మన పెళ్ళిసంబంధాల్లో జాతకాల పొంతన చూసినట్టే. గణాలు కుదిరాయా, నాడీ దోషం లేదు కదా అని పంచాంగం తిరగేస్తారు. అబ్బాయి తాగుతాడా అని మాత్రం ఎవరూ అడగరు. కుదరని పొంతన కుదిర్చిపెట్టే సిద్ధాంతులు మనకున్నట్టే, ఇంజను బ్లాకు మీది నంబరు గీకేసి, ఆ కాలపు అంకెల అచ్చులు వెతికి మరీ కావలసింది కొట్టిచ్చే పనిమంతులు అక్కడా ఉన్నారు.

పుట్టని బిడ్డకి కూడా జాతకం రాయడం జాగ్వార్ కంపెనీకే చెల్లింది. 1963లో తేలికపాటి రేసు ఈ-టైపులు పద్దెనిమిది చేద్దామనుకుని పన్నెండుతో ఆపేశారు. మిగిలిన ఆరు నంబర్లు చిట్టాలో ఖాళీగా పడి ఉన్నాయి. 2014లో ఎవరికో వెలిగింది, ఆ ఆరూ ఇప్పుడు చేసి అమ్ముదామని. ఒక్కోటి పది లక్షల పౌండ్లకు పైమాటే. అంటే నంబరుది 1963, ఇనుముది నిన్నగాక మొన్న. తర్వాత 1957 ఫిబ్రవరిలో ఫ్యాక్టరీ అగ్నిప్రమాదంలో కాలిపోయిన జాగ్వార్ వారి ఎక్స్‌కేఎస్ఎస్‌లు తొమ్మిదికీ అదే పునర్జన్మ. ఇంతకీ ఈ పునర్జన్మలు రోడ్డెక్కడానికి పనికిరావు.

1929లోనూ 1930లోనూ లమాన్ రేసు గెలిచిన బెంట్లీ ‘ఓల్డ్ నంబర్ వన్’ అసలుదా కాదా అన్న తగాదాతో 1990లో లండన్ హైకోర్టుకెక్కింది. కోటి పౌండ్ల బేరం. రేసు గెలిచిన నాటి లోహం అందులో దాదాపు లేదని విచారణలో తేలింది. అయినా చరిత్ర తెగకుండా సాగింది కాబట్టి ఆ పేరు దానిదేనన్నారు న్యాయమూర్తి. ఆయనతో నాకు పేచీ లేదు. ఆయన కనీసం చరిత్ర అడిగారు.

నా కడుపుమంట వేరు. పైకప్పు లేని కారు నడుం వంగకుండా నిలబెట్టేవి తలుపుల కింద ఉండే సిల్స్. వాటిని కోసేముందు తలుపు సందులో అడ్డంగా కమ్మీలు వెల్డు చేసి బిగించాలి, బండి బరువంతా సరైన చోట ఆన్చాలి. అలా చెయ్యకపోతే కారు మధ్యలో కుంగుతుంది, కొత్త సిల్లు ఆ వంకర మీదే అతుక్కుంటుంది, తలుపు పడదు. అప్పుడు తలుపు అంచు రుద్దుతారు! అంతకన్నా ఘోరం, కుళ్ళిన సిల్లు మీద కొత్త రేకు తొడిగి, సందుల్లో లప్పం కూరి, నల్లటి అండర్‌కోటు పూసెయ్యడం. ఇది మోసం. మరో మాట లేదు. లోపల తుప్పు తినేస్తూనే ఉంటుంది. ఎదుటి కారు తగిలిన రోజున ఆ రేకు అట్టముక్కలా మడుచుకుంటుంది. లోపల మనిషి ఉంటాడు. 2018 మే నుంచి బ్రిటన్‌లో నలభై ఏళ్ళు దాటిన కారుకి, పెద్ద మార్పులు లేకపోతే, ఏటేటా జరిగే పరీక్ష కూడా అక్కర్లేదు. నంబరు చూడ్డానికి భూతద్దాలు పట్టుకునేవాళ్ళు వందమంది, కిందికి దూరి వెల్డింగు చూసేవాడు ఒక్కడు లేడు!



మన ఢిల్లీ వారిది ఇంకో వరస. 2021 జులై నిబంధనల ప్రకారం యాభై ఏళ్ళు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజను మార్చకుండా ఉంటేనే వింటేజ్ హోదా, ఇరవై వేల రూపాయల రుసుముతో ‘వీఏ’ నంబరు. మనిషి చేస్తే మార్పు, తుప్పు చేస్తే వారసత్వం!

ఈ గోలలో నాకు ముద్దొచ్చేది 1962 నాటి లోటస్ ఎలాన్. పలుచటి ఉక్కు రేకుతో మడిచిన వెన్నెముక దానిది. హెడ్‌లైట్లు పైకి లేవడానికి కావలసిన వాక్యూమ్ నిల్వ ఉండేది ఆ ఛాసిస్ ముందు దూలంలోనే. తుప్పుకి అక్కడ బెజ్జం పడితే తొలి ఎలాన్ లైట్లు వాలిపోతాయి. అమ్మేవాడు దాచినా కారు దాచదు. గాల్వనైజ్ చేసిన కొత్త ఛాసిస్ వేయించుకుని, ఆ మాట పైకి చెప్పి మరీ అమ్ముతారు దాని యజమానులు.

కొనబోయేవారు సర్టిఫికెట్ మడిచి జేబులో పెట్టండి. ఒక అయస్కాంతం తీసుకెళ్ళి సిల్లు పొడవునా ఆనించండి, లప్పానికి అది అంటుకోదు. బండి జాకీ మీద లేపించి తలుపు తీసి వెయ్యండి. కోసినప్పుడు తీసిన ఫొటోలు అడగండి, రంగేశాక తీసినవి కాదు. ‘ఫొటోలెందుకండీ, నంబర్లన్నీ మ్యాచింగ్’ అన్నాడనుకోండి, ఆటో పిలవండి.