చక్రగృహ వ్యయపద్యమునకు టీకా తాత్పర్యము

బండి యద్దె కొంత, బరువైన డీజిలు
పన్ను వేరు, పడవ బాడుగెక్కు;
నిదురపోవు చోట నేలకున్ వెలయుండు,
తెలిసి లెక్కవేసి తిరుగుమయ్య!

అవతారిక: ఈ యాటవెలదికి కర్త యెవరో తెలియరాదు; అయినను బండి తిరిగి యప్పగించి, చేతికి వచ్చిన బిల్లును రెండుమారులు చదివి కూర్చున్నవాడే యిట్టి పద్యము చెప్పగలడని శైలి సాక్ష్యమిచ్చుచున్నది. మంచము, పొయ్యి, నీళ్ళతొట్టి, మరుగుదొడ్డి సర్వమును తనలో నిముడ్చుకొని పోవు క్యాంపర్ వ్యానులో న్యూజిలాండు దేశమును ఆక్లండు మొదలు క్వీన్స్‌టౌను దాక చూచి రాదలచిన యొక తెలుగు గృహస్థునకు చేసిన హితోపదేశమిది.

టీక: బండి యద్దె = వాహనమునకు దినమునకింత యని యిచ్చు సొమ్ము; కొంత = ఒక భాగము మాత్రమే. ఈ 'కొంత' యే పద్యమునకు ప్రాణము. సంస్థలవారు పెద్ద యక్షరములలో ప్రకటించు నద్దె మొదటి మూడు గణములతో ముగిసిపోయినది. తక్కిన పదునేడు గణములను కవి పాదపూరణమునకై వ్రాసెనని తలచువాడు మూడు గణములకే సొమ్ము కూడబెట్టుకొని విమానమెక్కును. ఆ యద్దెయు స్థిరమైనది కాదు. డిసెంబరు మొదలు ఫిబ్రవరి వఱకు అచట వేసవి గనుక అప్పుడు హెచ్చి, మే, జూన్ నెలల చలిలో దిగివచ్చును. ఆక్లండున నెక్కి దక్షిణద్వీపమున దిగిపోవువారు మెండగుటచేత, అచట మిగిలిన బండ్లను ఉత్తరమునకు మరలించుకొనుటకై దినమునకొక డాలరునకే యిచ్చుటయు కలదు గాని, అట్టి బండికి గడువు నాలుగైదు దినములే యగుటచే, ఆ యాత్ర విహారమగునో తోలుబడి కూలి యగునో రసజ్ఞులే నిర్ణయింపవలెను. మఱియు 'అద్దె' యనుటచే పూచీ సొమ్మును ఉపలక్షణముగా గ్రహింపవలెను. బండికి దెబ్బ తగిలినచో మన కార్డునుండి కొన్నివేల డాలర్లు పోవచ్చును. దినమునకింత యని అదనముగా చెల్లించినచో ఆ భారము తగ్గును. తగ్గినను, కొమ్మ తగిలి పైకప్పు చినిగినను, డీజిలు తొట్టిలో పెట్రోలు పోసినను, క్వీన్స్‌టౌను చెంతనున్న స్కిప్పర్స్ రోడ్డు మీదికిగాని, నైన్టీ మైల్ బీచి యిసుకలోనికిగాని బండిని దింపినను, ఆ పూచీ సాధారణముగా పనికిరాదు.

ఇక 'బరువైన డీజిలు పన్ను వేరు' అనుచోట వ్యాఖ్యాతలకు వివాదము. కొందఱు 'డీజిలు'తో వాక్యము నాపి, ఇంతటి బండి నూఱు కిలోమీటర్లకు పన్నెండు లీటర్ల వఱకు త్రాగును గనుక డీజిలు బరువైనదని మాత్రమే చెప్పుదురు. ఇది స్థూలదృష్టి. 'డీజిలు పన్ను' అను సమాసమును కవి కావలెననియే పాదాంతమున విఱిచెనని మా మతము. ఏలయన, ఆ దేశమున పెట్రోలు మీది రోడ్డు పన్ను బంకు ధరలోనే కలిసియుండగా, డీజిలు మీది పన్ను అందులో చేరదు. అది నడచిన దూరమును బట్టి రోడ్ యూజర్ చార్జి యను పేర వేరుగా వచ్చును. మూడున్నర టన్నులకు మించని డీజిలు బండికి 2024లో వేయి కిలోమీటర్లకు 76 డాలర్లు. కాబట్టి బంకువద్ద డీజిలు పెట్రోలుకంటె చౌకయని ముఱిసిన యాత్రికుడు, రెండువేల కిలోమీటర్లు తిరిగి బండి నప్పగించునాడు, గుమాస్తా మీటరు చూచి 152 డాలర్లు వ్రాయుచుండగా మొగము వ్రేలవేయును. ఈ పన్ను డీజిలుతోపాటు గాక తరువాత తగులును. అందుచేతనే కవి దానిని తరువాతి పాదమున కూర్చుండబెట్టినాడు.

పడవ బాడుగెక్కు: వెల్లింగ్టనునుండి పిక్టనునకు కుక్ జలసంధి దాటుటకు సుమారు మూడున్నర గంటలు. బండి పొడవును బట్టి బాడుగ. 'ఎక్కు' = హెచ్చు, ఎక్కుము; శ్లేష స్పష్టము.

నేలకున్: ఇచటి ద్రుతమును సముచ్చయముగా గొని, నేలకు సయితమని చెప్పవలెను. ఇల్లు వెంటనున్నవానికి బస ఖర్చేలయని సందేహము. 2011 నాటి చట్టము 2023లో సవరింపబడిన పిమ్మట, మరుగుదొడ్డి బండిలో కదలకుండ బిగింపబడి, ధ్రువపత్రము పొందియున్నగాని పురపాలకుల నేలమీద ఊరక నిలుపుట సాధారణముగా చెల్లదు. నిలిపినచో జరిమానా వందల డాలర్లలో నుండును. పరిరక్షణశాఖవారి విడిదులలో పెక్కింట తలకింత యని పుచ్చుకొందురు. హాలిడే పార్కులలో కరెంటు తీగ కూడ నిత్తురు గాని వెల యెక్కువ. మనవారి చిక్కంతయు ఈ తీగతోనే. బండిలోని బ్యాటరీ దీపములకు, ఫోనులకు చాలును గాని పెట్టెలో దాచి తెచ్చుకొన్న రైస్ కుక్కరునకు చాలదు. అది పొంగవలెనన్నచో ప్రతిరాత్రియు తీగయున్న చోటే వెదకుకొనవలెను. అన్నమును గ్యాసు పొయ్యిమీద గిన్నెలో వండుకొన నేర్చిన యిల్లాలుగాని, పురుషుడుగాని యుండిన కుటుంబమునకు ఆ మేర సొమ్ము మిగులును.

కవి తిండి ఖర్చును ప్రస్తావింపకుండుట దోషమని యాక్షేపించువారు కలరు. వంటయిల్లు వెంటనుండగా ప్రత్యేకముగా చెప్పనేల యని సమాధానము. అయితే ఆవకాయ జాడీతో విమానము దిగువారు దానిని ప్రవేశపత్రమున తప్పక వ్రాయవలెను. వ్రాసినచో చూచి యుంచుటో తీసివేయుటో చేయుదురు, వ్రాయక దొరకినచో 400 డాలర్లు అక్కడికక్కడే జరిమానా. అంత వెల పలికిన యావకాయ గుంటూరు సీమలో సయితము లేదు.

తెలిసి లెక్కవేసి తిరుగుమయ్య: క్రమము గమనింపదగినది, తిరిగి, లెక్కవేసి, తెలిసికొమ్మని కవి చెప్పలేదు. కావున చదువరులారా, అడ్వాన్సు కట్టకముందే బండి పొడవెంత, బరువెంత, కార్డునుండి పట్టియుంచు సొమ్మెంత యను మూడు ప్రశ్నలను అద్దెకిచ్చు సంస్థకు వ్రాసి, సమాధానమును వ్రాతమూలమున తెప్పించుకొనుడు.