ముప్పై రోజుల్లో హంస!

దివిసీమలో, కృష్ణ పాయ సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో హంసలదీవి ఉంది. లోకంలోని పాపులందరి పాపాలూ అంటుకుని నల్లబడిపోయిన గంగ, కాకి రూపంలో తీర్థాలన్నీ తిరిగి తిరిగి చివరికి ఇక్కడ మునిగి హంసై తేలిందని స్థలపురాణం. ఏటా మాఘ పౌర్ణమికి జనం తండోపతండాలుగా వచ్చి, సాగరసంగమంలో స్నానం చేసి, వేణుగోపాలస్వామిని దర్శించుకుని వెళ్తారు. పురాణంతో ఎవరికీ పేచీ లేదు. పేచీ అల్లా దాన్ని సగమే విన్నవాళ్లతో. ఆ ఒక్క మునకకు ముందు కాకి ఊరూరా తీర్థాలు తిరిగిందన్న ముక్క వదిలేసి, చివరి మునకను మాత్రం పట్టుకున్న గురువులు ఇప్పుడు ప్రతి ఊళ్లోనూ, ప్రతి ఫోన్‌లోనూ వెలిశారు. "ముప్పై రోజుల్లో స్టామినా!" "పదిహేను రోజుల్లో 1600 మీటర్లు గ్యారంటీ!" "ఈ ఒక్క చిట్కా చాలు, దమ్ము దానంతటదే వస్తుంది!" ఇవాళ చేరితే వచ్చే నెల ఈ తేదీకి కాకి హంస. ఫీజు మాత్రం ముందే కట్టాలి.

పోలీసు ఉద్యోగాల దేహదారుఢ్య పరీక్షలు, అంటే ఈవెంట్స్, నడిచే సీజన్‌లో గుడివాడలో గానీ, బందరులో గానీ, అవనిగడ్డలో గానీ తెల్లవారుజామున ఏ గ్రౌండుకు వెళ్లినా ఈ శిక్షణ ఉచితంగా చూడొచ్చు. కుర్రాడు కొత్త బూట్లు వేసుకుని సున్నపు గీత దగ్గర నిలబడతాడు. పక్కన ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని ఒక సీనియర్. పోయినసారి ఈవెంట్స్‌లో పోయినవాడు కాబట్టి ఈసారి కోచ్ అయ్యాడు, అదే అతని అర్హత. "వన్, టూ, త్రీ!" అనగానే కుర్రాడు వెనక పోలీసులు తరుముతున్నట్టు లగెత్తుతాడు. తాను చేరబోయేది ఆ పోలీసుల్లోనేనన్న సంగతి ఆ క్షణాన గుర్తుండదు. మొదటి రౌండు 75 సెకన్లు. "సూపర్ రా తమ్ముడూ, ఇలాగే లాగు!" రెండో రౌండులో నోరు తెరుచుకుంటుంది. మూడో రౌండులో డొక్కలో పోటు మొదలై ఒక చెయ్యి అక్కడికి పోతుంది. నాలుగో రౌండు ఉండదు. కుర్రాడు గోల్‌పోస్టు పట్టుకుని, రాత్రి తిన్నది నేలపాలు చేస్తూ ఉంటాడు.

సీనియర్ ఫోన్ జేబులో పెట్టుకుని తీర్పు చెబుతాడు: "నీకు స్టామినా లేదురా. రేపట్నుంచి ఇంకా గట్టిగా లాగాలి."

రేపు ఇంకా గట్టిగా లాగుతాడు. ఎల్లుండి అంతకంటే గట్టిగా. నాలుగో రోజుకు పిక్కలు పట్టేసి మెట్లు దిగలేడు. రెండో వారానికి మోకాలి కింద ఎముక వెంబడి నొప్పి. మూడో వారానికి గ్రౌండులో ఆ చోట ఇంకో కుర్రాడు ఉంటాడు. సీనియర్ మాత్రం మారడు.

ఇందులో తప్పేమిటో తెలియడానికి క్రీడాశాస్త్రం అక్కర్లేదు, ఐదో తరగతి లెక్కలు చాలు. ఆంధ్రప్రదేశ్ కానిస్టేబుల్ పరీక్షలో పురుషులు 1600 మీటర్లను 8 నిమిషాల్లో, మహిళలు 10 నిమిషాల 30 సెకన్లలో పూర్తిచేయాలి. 400 మీటర్ల ట్రాక్ మీద అది నాలుగు రౌండ్లు. పురుషులకు రౌండుకు 2 నిమిషాలు, అంటే ప్రతి వంద మీటర్లకూ 30 సెకన్లు. అదే పరీక్షలో వంద మీటర్ల పరుగుకు పెట్టిన గడువు 15 సెకన్లు. అంటే 1600లో అడిగేది అందులో సరిగ్గా సగం వేగం. మహిళలకైతే వందకు గడువు 18 సెకన్లు, 1600లో వంద మీటర్లకు 39 సెకన్ల పైచిలుకు దొరుకుతుంది. సగం కంటే తక్కువ వేగం చాలు. "నెమ్మదిగా, ఒకే తీరున పరుగెత్తు నాయనా" అని నియామక మండలి నిబంధనల్లోనే రాసిపెట్టినట్టు లెక్క. మన కుర్రాడి 75 సెకన్ల రౌండు లెక్కన పోతే 1600 మీటర్లు ఐదు నిమిషాల్లో అయిపోవాలి. ఉద్యోగానికి ఎవరూ అడగని వేగం అది. అడగని దానికి ఊపిరంతా దానం చేసి, అడిగినదానికి మిగల్చకుండా పడిపోవడాన్నే గ్రౌండు భాషలో "కష్టపడటం" అంటున్నారు.

గడువు లేక తొందరపడుతున్నారా అంటే, అదీ కాదు. 2022 నవంబరులో 6,100 కానిస్టేబుల్ ఉద్యోగాలకు నోటిఫికేషన్ వచ్చింది. 2023 జనవరిలో ప్రిలిమినరీ పరీక్ష జరిగింది. 95 వేల మందికి పైగా అర్హులయ్యారు. ఆ తర్వాత కోర్టు కేసులు, ఎన్నికలు. దేహదారుఢ్య పరీక్షలు 2024 డిసెంబరు చివర్లో గానీ మొదలు కాలేదు. తుది రాతపరీక్ష 2025 జూన్‌లో, ఫలితాలు ఆగస్టులో. అభ్యర్థికి ఎనిమిది నిమిషాల గడువు పెట్టిన వ్యవస్థ తన పరుగును రెండున్నరేళ్లకు పైగా తీసింది. ఓర్పు పరీక్ష అంటూ జరిగితే అది అభ్యర్థుల అమ్మానాన్నలకు జరిగింది. అయినా, తేదీ తెలియని పరీక్ష కోసం రొయ్యల చెరువు దగ్గర కాపలా మానేసో, కొట్లో పని మానేసో రోజూ గ్రౌండుకు పొమ్మని ఎవరు చెప్పగలరు? అంచేత చాలామంది బూట్లు హాల్‌టికెట్‌తో పాటే బయటికొచ్చాయి. రెండేళ్లలో నింపాదిగా రావాల్సిన దమ్మును ఇరవై రోజుల్లో లాగాలంటే చిట్కాలే దిక్కు. చిట్కాలకు మనకు కరువేముంది!

మొదటి చిట్కా పచ్చిగుడ్డు. ముక్కు మూసుకుని రెండు పచ్చిగుడ్లు గటగటా తాగితే బలమట. 1998లో బెల్జియం పరిశోధకులు కొలిచి చూస్తే, ఉడికించిన గుడ్డులోని ప్రోటీన్ దాదాపు 90 శాతం ఒంటికి పట్టింది, పచ్చిగుడ్డులోది 50 శాతం చిల్లర. రెండు పచ్చిగుడ్లు తాగిన వీరుడూ, ఒక్క ఉడకబెట్టిన గుడ్డు తిన్న సామాన్యుడూ ఇంచుమించు సమానమన్నమాట. వీరుడికి వాంతి అదనం. రెండో చిట్కా ఒంటికి ప్లాస్టిక్ కవరు చుట్టుకుని పరుగెత్తడం. కోస్తా గాలిలో అసలే తేమ ఎక్కువ. చెమట కారుతుంది గానీ ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు, చల్లబరచడానికి గుండె ఇంకా వేగంగా కొట్టుకోవాలి. ఆ ఉక్కకు దేహం అలవాటు పడటానికే పది, పద్నాలుగు రోజులు కావాలి. పైన ప్లాస్టిక్ చుడితే పోయేది నీరు, కొవ్వు కాదు. ఇంటికెళ్లి చెంబుడు నీళ్లు తాగగానే పోయిన బరువు తిరిగొస్తుంది.

మూడోది అన్నింటికంటే అందమైనది, ఎందుకంటే అది వీడియోలో బాగుంటుంది. హంసలదీవి దగ్గరి పాలకాయతిప్ప బీచ్‌లో సూర్యోదయం, వెనక సినిమా సంగీతం, స్లోమోషన్‌లో ఎగిరే ఇసుక. "ఇసుకలో పరుగెత్తితే రోడ్డు మీద పక్షుల్లా ఎగురుతారు ఫ్రెండ్స్!" మెత్తటి ఇసుకలో పరుగుకు గట్టి నేల మీద కంటే సుమారు 1.6 రెట్లు శక్తి ఖర్చవుతుందని తేల్చినవాళ్లున్నారు. మామూలు నేల మీదే రెండో రౌండుకు చేతులెత్తేసే వాడికి ఆ అదనపు భారం ఎందుకో గురువుగారు చెప్పరు. అడుగు దిగబడిన ప్రతిసారీ పిక్క సాగుతుంది, మడమ వెనక లాగుతుంది. అప్పటికి వీడియో అయిపోయి ఉంటుంది, నొప్పి మాత్రం మిగులుతుంది.

ఇదంతా దివిసీమ అమాయకత్వమని హైదరాబాదు నవ్వనక్కర్లేదు. అక్కడ ఇదే వ్యవహారం ఇంగ్లీషు మీడియంలో జరుగుతుంది. ముందు హాఫ్ మారథాన్‌కు డబ్బు కడతారు, తర్వాత బూట్లు కొంటారు, తర్వాత గుండె చప్పుడు లెక్కపెట్టే వాచీ కొంటారు, పరుగు చివర్న మొదలెడతారు. "నెమ్మదిగా" అని వాచీ మొత్తుకుంటుంది. "ఇది సరిగ్గా పనిచేయడం లేదు" అని దాన్ని మార్చేస్తారు. డల్లాస్‌లోని మనవాడికీ ఈ జబ్బు ఉంది. అక్కడ వాచీ ఇంకాస్త ఖరీదు.

నెమ్మదిగా పరుగెత్తడం చేతకానివాళ్ల పని అనుకునేవారి కోసం న్యూజిలాండ్ కథ ఒకటుంది. ఆర్థర్ లిడియార్డ్ అనే కోచ్ దగ్గర పీటర్ స్నెల్ అనే కుర్రాడు ఉండేవాడు. స్నెల్ పరుగెత్తే పోటీ 800 మీటర్లు. రెండు నిమిషాల లోపే అయిపోతుంది. ఆ రెండు నిమిషాల కోసం లిడియార్డ్ అతన్ని ఆక్లాండ్ కొండల్లో ఒక్క విడతలో 35 కిలోమీటర్ల చొప్పున పరుగెత్తించాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లోనూ, 1964 టోక్యోలోనూ స్నెల్ 800 మీటర్ల స్వర్ణం గెలిచాడు. ఒంటిని హింసించడం కాదు, అలవాటు చేయడమే శిక్షణ అన్నది లిడియార్డ్ పాఠం. 1962 చివర్లో బిల్ బవర్‌మన్ అనే అమెరికా కోచ్ ఆయన్ను చూడటానికి వెళ్లి, అక్కడి జాగింగ్ బృందంతో ఒక ఆదివారం బయల్దేరాడు. డెబ్బై దాటిన ఒక పెద్దాయన ఆయన్ను వెనక్కి నెట్టేసి పోయాడు. సిగ్గుపడ్డ బవర్‌మన్ ఇంటికెళ్లి తానూ నెమ్మదిగా పరుగెత్తడం నేర్చుకుని, 1967లో ఒక గుండె డాక్టరుతో కలిసి జాగింగ్ మీద పుస్తకం రాశాడు. ఈ బవర్‌మనే నైకీ కంపెనీ స్థాపకుల్లో ఒకడు. నెమ్మదితనాన్ని అమెరికాకు మోసుకొచ్చిన ఆయన కంపెనీ బూట్లను ఇవాళ మనం వేగం వస్తుందని కొంటున్నాం.

నెమ్మది పరుగు లోపల చేసే పనికి రీల్స్‌లో చోటు లేదు, అది కంటికి కనబడదు కదా. మొదటి వారం, పది రోజుల్లోనే రక్తంలో ద్రవభాగం పెరుగుతుంది, గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఎక్కువ రక్తం నెడుతుంది. వారాల మీద కండరాల చుట్టూ సన్నటి రక్తనాళాలు పెరుగుతాయి, కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా పెరుగుతాయి. ఎముకలు, కండరాన్ని ఎముకకు అతికించే పట్టీలు మాత్రం నెలలు తీసుకుంటాయి. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. మూడో వారానికి ఊపిరి ఆడుతుంది కాబట్టి కుర్రాడు రెచ్చిపోతాడు. కాళ్లు ఇంకా సిద్ధం కాలేదు. చాలామందికి కాలి ఎముక నొప్పి సరిగ్గా ఈ రెంటి మధ్య వ్యవధిలోనే మొదలవుతుంది. నెమ్మదిగా పెంచినా గాయం రాదని హామీ ఏమీ లేదు. నెదర్లాండ్స్‌లో అయిదు వందల మందికి పైగా కొత్తవాళ్లను 8 వారాల పద్ధతిలో కొందరినీ, 13 వారాల పద్ధతిలో కొందరినీ పరుగెత్తించి చూస్తే, రెండింటిలోనూ దాదాపు ఐదుగురిలో ఒకరికి గాయమైంది. ఎనిమిది వారాలు చాలవేమోనని పదమూడు వారాలు పరీక్షించిన దేశం అది. మన దగ్గర ఎనిమిది వారాలంటే రెండు బ్యాచుల ఫీజు.

ఎంత నెమ్మది అన్నదానికి వాచీ అక్కర్లేదు, నోరు చాలు. పరుగెత్తుతూ పక్కవాడితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగితే వేగం సరిగ్గా ఉన్నట్టు. ఒక్కో మాటకూ ఒక్కో ఊపిరి పీలిస్తే ఎక్కువైనట్టు. ఈ పరీక్షలో దివిసీమ మొత్తానికి మొదటి ర్యాంకు కృష్ణ కరకట్ట మీద పొద్దున్నే నడిచే పెద్దవాళ్లది. ధాన్యం ధర దగ్గర మొదలెట్టి, కాలవ నీళ్ల మీదుగా, ఎమ్మెల్యేగారి దాకా నోరు మూయకుండా ఐదు కిలోమీటర్లు నడుస్తారు. వాళ్లను దాటుకుంటూ రొప్పుతూ పోయే కుర్రాడు అరకిలోమీటరు అవతల రాయి మీద కూర్చుని కనిపిస్తాడు. "ఏరా అబ్బాయ్, అయిపోయిందా?" అని అడిగి వాళ్లు ముందుకు పోతారు.

ఈ నవ్వులాట ఒకచోట ఆపాలి. 2025 జనవరిలో మచిలీపట్నంలో జరిగిన దేహదారుఢ్య పరీక్షల్లో 1600 మీటర్ల పరుగులో కుప్పకూలిన ఒక యువకుడు ప్రాణాలు కోల్పోయాడు. అంతకు కొద్ది నెలల ముందు, 2024 ఆగస్టు, సెప్టెంబరుల్లో, జార్ఖండ్ ఎక్సైజ్ కానిస్టేబుల్ నియామకాల్లో పురుషులు 10 కిలోమీటర్లు గంటలో పరుగెత్తాల్సి వచ్చినప్పుడు పదిమందికి పైగా చనిపోయారు. ఏ ఒక్క మరణానికీ ఇక్కడ కారణం తేల్చే పని లేదు. కానీ దమ్మంటే ప్రాణం మీదికొచ్చేదాకా లాగడమేనని పిల్లలకు నూరిపోసేవాళ్లు ఈ వార్తలు చదివాక కూడా అదే పాఠం చెబితే దాన్ని అమాయకత్వం అనలేం.

వచ్చే నోటిఫికేషన్ తేదీ కోసం ఎదురుచూస్తున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఆ తేదీతో పనిలేకుండా మొదలుపెట్టండి. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, ఇంట్లో చిన్న వయసులో గుండెజబ్బుతో పోయినవాళ్లు ఉండటం, వీటిలో ఏదున్నా ముందు డాక్టరుకు చూపించుకోండి. తర్వాత వారానికి మూడు రోజులు చాలు. అమెరికాలో జాష్ క్లార్క్ అనే ఆయన 1996లో కొత్తవాళ్ల కోసం రాసిన 9 వారాల ప్రణాళిక తొలి వారంలో 60 సెకన్లు పరుగు, 90 సెకన్లు నడక, అంతా కలిపి 20 నిమిషాలు. అది చూసి ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. అరగంట ఆగకుండా, మాట్లాడుతూ పరుగెత్తడం వచ్చాక, వారంలో ఒక్కరోజు రౌండుకు రెండు నిమిషాల చొప్పున, మధ్యమధ్య నడుస్తూ నాలుగు రౌండ్లు వేయండి. స్టాప్‌వాచ్‌తో అవసరం అప్పుడే, అంతకు ముందు కాదు. ముప్పై రోజుల గ్యారంటీ ఇచ్చేవాళ్లకు కట్టాలనుకున్న డబ్బుంటే దాంతో గుడ్లు కొనుక్కుని, ఉడకబెట్టుకు తినండి.