కెమెరాకు తెలియకుండా కెమెరాలోకి: ఎడిట్ చేసిన ఫోటోలు తిరిగి ఎక్కించేవారికి సలహాలు

కెమెరాలోంచి కంప్యూటర్‌లోకి ఫోటోలు దించుకోవడం ఎవరైనా చేస్తారు. ముఖం నునుపు చేసి, ఆకాశానికి నీలం పూసి, పెళ్లికూతురి వెనక నిలబడ్డ వాటర్ ట్యాంకర్‌ను మాయం చేసి, ఆ ఫోటోను మళ్లీ అదే కెమెరాలోకి ఎక్కించి, "చూడండి, మన కెమెరా ఇలాగే తీస్తుంది" అనగలిగినవాడు అరుదు. ఇంతటి విద్యకు తెలుగులో సరైన మార్గదర్శకం లేకపోవడం విచారకరం. అందుకే ఈ సలహాలు.

అసలు ఎందుకు ఎక్కించాలి అనేవాళ్లు ఉంటారు. ఫోటోను ఫోన్‌లో చూపిస్తే తోడల్లుడు "ఏ యాప్ అన్నయ్యా?" అంటాడు. ల్యాప్‌టాప్‌లో చూపిస్తే మేనత్త కూతురు "ఫోటోషాపా?" అని మూతి తిప్పుతుంది. కెమెరా వెనకున్న బుల్లి తెర మీద చూపిస్తే మాత్రం ఎవరూ నోరెత్తరు. అక్కడ కనిపించేది ఉన్నదున్నట్టు అని అందరికీ గట్టి నమ్మకం. అంత డబ్బు పోసి కెమెరా కొన్నదే ఆ నమ్మకం కోసం. హెచ్‌డీఎంఐ వైరుతో కెమెరాను నేరుగా టీవీకి తగిలిస్తే చుట్టాలందరికీ ఒకేసారి సందేహనివృత్తి అవుతుంది.

ఈ పనిని పెన్‌డ్రైవ్‌తో కూడా చేయొచ్చు. టీవీకి యూఎస్‌బీ రంధ్రం ఉంటుంది, ఎడిట్ చేసిన ఫోటోలు పెన్‌డ్రైవ్‌లో వేసి అందులో గుచ్చితే నిమిషంలో తెర మీదికొస్తాయి. కానీ అందులో కెమెరా ప్రస్తావన ఎక్కడా రాదు, కాబట్టి మనకు పనికిరాదు.

దారి

కార్డ్ రీడర్ కొనకండి. కొన్ని వందల రూపాయలకు దొరికే వస్తువు కాబట్టి దానికి గౌరవం లేదు. కెమెరాతో పాటు డబ్బాలో వచ్చిన వైరునే వాడండి. వైరు తగిలించగానే కంప్యూటర్‌లో కెమెరా బొమ్మ కనిపిస్తుంది. దాని లోపల ఫోటోలూ కనిపిస్తాయి. ఎడిట్ చేసిన ఫోటోను పట్టుకుని అందులోకి లాగండి. పడదు. మళ్లీ లాగండి.

పడకపోవడానికి కారణం ఉంది. ఇప్పటి కెమెరాల్లో చాలావరకు కంప్యూటర్‌తో పీటీపీ అనే పద్ధతిలో మాట్లాడతాయి. ఫోటోలు ఇవ్వడానికి పెట్టుకున్న పద్ధతి అది. పుచ్చుకోవడానికి చాలా కెమెరాలు ఒప్పుకోవు. పాత కెమెరాల్లో కొన్నింటి మెనూలో మాస్ స్టోరేజ్ అని ఇంకో ఎంపిక ఉండేది. అది పెడితే కెమెరా మామూలు డిస్క్‌లా కనబడి, ఏది వేసినా మింగేది. మీ మెనూలో అది ఉందేమోనని వెతకొద్దు. వైరు పీకి మళ్లీ గుచ్చడమే మన సంప్రదాయం.

ఎవరో ఒకరు జాలిపడి కార్డ్ రీడర్ అరువిస్తారు. అప్పుడు కార్డుకు ఎడమ అంచున ఉండే బుల్లి మీట వైపు పొరపాటున కూడా చూడకండి. అది కిందికి జరిగి ఉంటే కార్డు మీద రాయడం కుదరదని కంప్యూటర్ చెబుతుంది. తమాషా ఏమిటంటే ఆ మీట సంగతి కార్డుకే తెలియదు. అది వట్టి ప్లాస్టిక్ ముక్క. అది ఎక్కడుందో చూసి రాయాలో వద్దో తేల్చుకునేది రీడరే. మీటను పైకి తోస్తే అయిపోయే పనికి మీరు మాత్రం వైరస్ అని తీర్మానించండి. ఒకప్పుడు కంప్యూటర్ కోర్సు చేసిన బావమరిదిని పిలిపించండి. అతను ఫార్మాట్ చేద్దాం బావా అంటాడు. చేయనివ్వండి.

ఫార్మాట్ చేసేటప్పుడు రకరకాల పేర్లు వస్తాయి. వాటిలో ఎన్‌టీఎఫ్‌ఎస్ అన్నది గంభీరంగా ఉంటుంది కాబట్టి దాన్నే ఎంచుకోండి. 32 జీబీ దాకా ఉండే కార్డులకు ఫ్యాట్ 32, అంతకు మించినవాటికి ఎక్స్‌ఫ్యాట్ అన్నది కెమెరాల లోకంలో ఒప్పందం. ఎన్‌టీఎఫ్‌ఎస్ కార్డు పెడితే కెమెరా దాన్ని కార్డుగానే గుర్తించదు, "నేను ఫార్మాట్ చేయనా?" అని అడుగుతుంది. మీరు ఇందాకే చేశారు గదా, కోపం రావడం సహజం. ఇంతకీ ఆ కార్డులో పాత ఫోటోలేమైనా ఉన్నాయా అనే ప్రశ్న ఈ దశలో ఎవరికీ తట్టదు. తట్టినా ఉపయోగం లేదు.

కాపీ పూర్తవుతుండగానే కార్డు లాగేయడం మరో మంచి అలవాటు. కంప్యూటర్ తెర మీద ఆకుపచ్చ గీత చివరిదాకా వచ్చినా, రాయాల్సింది ఇంకా కొంత కంప్యూటర్ దగ్గరే ఉండిపోవచ్చు. ఎజెక్ట్ నొక్కితే అది కూడా రాసి వదులుతుంది. మనకంత తీరిక ఎక్కడిది?

పేరు

ఇక్కడే అసలు రసం ఉంది. ఫోటోకు అందమైన తెలుగు పేరు పెట్టండి. "అక్క పెళ్లి జీలకర్ర బెల్లం ఫైనల్ కరెక్షన్ కొత్తది" లాంటివి బాగుంటాయి. కార్డు తెరవగానే కనిపించే చోట, ఏ ఫోల్డర్‌లోనూ పెట్టకుండా, హుందాగా వదిలేయండి. కార్డు కెమెరాలో పెట్టి చూడండి. అక్క లేదు, పెళ్లి లేదు. కంప్యూటర్‌లో పెడితే ఫోటో ఉంటుంది. కెమెరాలో పెడితే ఉండదు. ఈ ఉండటం, లేకపోవడం మధ్య ఒక ఆదివారం హాయిగా గడిచిపోతుంది.

ఈ మొండితనానికి మూలం జపాన్‌లో ఉంది. 1998లో అక్కడి ఎలక్ట్రానిక్ పరిశ్రమల సంఘం కెమెరాలన్నిటికీ కలిపి డీసీఎఫ్ అనే కట్టడి చేసింది. ఒక కంపెనీ కెమెరాలో వాడిన కార్డు ఇంకో కంపెనీ కెమెరాలో పెట్టినా ఫోటోలు కనిపించాలన్నది దాని ఉద్దేశం. దాని ప్రకారం కార్డులో డీసీఐఎం అనే ఫోల్డర్ ఉండాలి. దాని లోపల ఉండే ఫోల్డర్ పేరుకు ఎనిమిది స్థానాలు: మొదటి మూడూ 100 నుంచి 999 దాకా అంకెలు, తర్వాతి ఐదూ అక్షరాలో, అంకెలో, అండర్‌స్కోరో. కెనాన్ కెమెరాల్లో 100 పక్కన కంపెనీ పేరులోని ఐదు ఇంగ్లీషు అక్షరాలు కనిపించడం అందుకే. ఫోటో పేరుకు కూడా ఎనిమిది స్థానాలే: ముందు నాలుగు పెద్దబడి ఇంగ్లీషు అక్షరాలో, అంకెలో, అండర్‌స్కోరో. తర్వాత నాలుగు అంకెలు, 0001 నుంచి 9999 దాకా. ఐఎంజీ అండర్‌స్కోర్ 0427 అన్నమాట. కెమెరా రైల్లో టీసీ లాంటిది, చార్టులో పేరు లేకపోతే పట్టుచీర కట్టుకొచ్చిన అక్కనైనా సీట్లో కూర్చోనివ్వదు.

తెలుగు అక్షరాలకు అందులో చోటు లేదు. దీని మీద మాతృభాషాభిమానులు ఉద్యమించవలసిందే. ఫోటో పేరును కెమెరా కోరిన తీరుకు మార్చుకోవడం మాత్రం లొంగుబాటు కిందికి వస్తుంది.

లొంగక తప్పనివాళ్లకు ఇంకో చిట్కా. ఎటూ అంకె పెట్టాలన్నారు గదా అని 9999 పెట్టండి. ఫోల్డర్‌కు 999 పెట్టండి. లెక్క ఎక్కడినుంచి అందుకోవాలో తేల్చుకోవడానికి కెమెరా కార్డులో ఉన్న అంకెల వైపు చూస్తుంది. 999వ ఫోల్డర్‌లో 9999వ ఫోటో కనపడిందంటే ఆ తర్వాత అంకె లేదు. నికాన్ కెమెరాలు అలాంటప్పుడు షట్టర్‌నే ఆపేస్తాయి. కార్డులో చోటుంటుంది, బ్యాటరీ నిండుగా ఉంటుంది, బటన్ నొక్కితే మాత్రం క్లిక్కుమనదు. ఈ చిట్కాను ముహూర్తానికి అరగంట ముందు అమలు చేస్తే ఫలితం సంపూర్ణంగా ఉంటుంది. పురోహితుడు ఒక పక్క, వీడియో అతను ఒక పక్క, మధ్యలో మీరు.

అదే పేరు, అదే అంకె ఉంచి అసలు ఫోటో మీదనే కొత్త ఫోటోను ఎక్కించేయడం సులభమైన దారి. "ఈ పేరుతో ఫైల్ ఉంది, దాని స్థానంలో ఇది పెట్టనా?" అని కంప్యూటర్ అడుగుతుంది. అవునని చెప్పండి. అసలు ఫోటో ఎప్పటికైనా పనికొస్తుందని ఇంకోచోట దాచుకునేవాళ్లు పిరికివాళ్లు. రా, జేపెగ్ రెండూ కలిపి తీసే అలవాటున్నవాళ్లకు ఇందులో మరో సౌకర్యం ఉంది. కొత్తగా ఎక్కిన జేపెగ్ బాగా లేదని కెమెరాలో డిలీట్ నొక్కితే, ఒకే పేరు మీదున్న జంట కాబట్టి చాలా కెమెరాలు రా ఫైల్‌ను కూడా దానితో పాటే సాగనంపుతాయి.

మ్యాక్ కంప్యూటర్ ఉన్నవాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. కార్డులో వేసిన ప్రతి ఫోటోకూ చుక్కతో మొదలయ్యే ఒక తోక ఫైల్ వచ్చి చేరవచ్చు. అది ఫోటో కాదు. కాకపోయినా వదలకండి, ముహూర్తానికి వచ్చిన అతిథిలా చూసుకోండి.

లోపలి సరుకు

పేరు సరిగ్గా పెట్టినా ఫోటో తెరుచుకోకూడదంటే ఏం చేయాలి? సేవ్ చేసేటప్పుడు ప్రోగ్రెసివ్ అన్న గడిలో టిక్ పెట్టండి. కెమెరాలకు తెలిసినది బేస్‌లైన్ జేపెగ్. ప్రోగ్రెసివ్‌ను ఎక్కువగా వాడేది వెబ్‌సైట్ల కోసం. "ఇందులో చిత్రం లేదు" అనో, ఒక ప్రశ్నార్థకమో తెర మీద వేసి కెమెరా ఊరుకుంటుంది. పీఎన్‌జీగా దాచినా అంతే. ఆల్బమ్ అచ్చుకు ఇచ్చేవాళ్లు చెప్పారని రంగుల్ని సీఎంవైకేలోకి మార్చినా అంతే. ఇన్ని దారులు ఉన్నందుకు సంతోషించాలి.

నిలువుగా తీసిన ఫోటోలకు ఇంకో ముచ్చట ఉంది. కెమెరా ఆ ఫోటోను అడ్డంగానే దాచి, "దీన్ని తిప్పి చూపించాలి" అని లోపల ఒక చీటీ రాసిపెడుతుంది. ఎడిట్ చేసేటప్పుడు మీరు ఫోటోను నిజంగానే నిలువుగా తిప్పేసి, ఆ చీటీని అలాగే వదిలే సాఫ్ట్‌వేర్ వాడండి. కెమెరా చీటీ చదివి ఇంకోసారి తిప్పుతుంది. తాతగారు టీవీలో పక్కకు ఒరిగి ఆశీర్వదిస్తారు.

అన్నిటికన్నా రసవత్తరమైనది థంబ్‌నెయిల్. కెమెరా తీసిన ప్రతి జేపెగ్ లోపలా ఇంకో బుల్లి ఫోటో ఉంటుంది, 160 చుక్కల వెడల్పు, 120 చుక్కల ఎత్తు. తెర మీద గళ్లలో వరసగా కనిపించేవి అవే. మంచి సాఫ్ట్‌వేర్ ఫోటోను మార్చినప్పుడు ఆ బుల్లి ఫోటోను కూడా మారుస్తుంది. అలాంటిది వాడకండి. బుల్లి ఫోటోను ముట్టుకోకుండా వదిలేవి ఉంటాయి, వాటిని వెతికి పట్టుకోండి. ఆస్తి తగాదా వచ్చాక గ్రూప్ ఫోటోలోంచి మీరు శ్రద్ధగా కోసేసిన పెదనాన్నగారు ఆ 160 చుక్కల్లో కండువా సర్దుకుంటూ అలాగే నిలబడి ఉంటారు. టీవీ మీద గళ్లన్నీ పరిచినప్పుడు ఉంటారు. ఫోటో తెరిస్తే మాయమవుతారు. వెనక్కి వెళ్తే మళ్లీ ప్రత్యక్షం. పెద్దమ్మగారు పక్కనే కూర్చుని చూస్తున్నప్పుడు ఇది చేయడం శ్రేష్ఠం.

సోనీ కెమెరాల్లో చాలావాటికి తమ ఫోటోల జాబితా విడిగా రాసుకునే అలవాటుంది. బయటినుంచి ఫోటో వచ్చి పడితే ఆ జాబితాలో అది ఉండదు. మెనూలో జాబితాను సరిచేసుకునే ఎంపిక ఉంటుంది. కెమెరా తనంతట తానే అడిగినా సరే, వద్దనండి.

పోటీలకు పంపేవాళ్లకు

కొందరు చుట్టాలతో తృప్తిపడరు. కెమెరాలోకి తిరిగి ఎక్కించి, అక్కడినుంచి మళ్లీ దించి, "ఒరిజినల్" అని పోటీలకు పంపుతారు. ప్రయాణం చేసొచ్చిన ఫోటోకు పుణ్యం అంటుకుంటుందని వాళ్ల నమ్మకం. ఆ ఫైల్‌ను ఏ నిర్వాహకుడైనా తెరిచి, ఏ సాఫ్ట్‌వేర్‌తో దాచారన్న గడి చూస్తే అందులో ఫోటోషాప్ అని శుభ్రంగా రాసి ఉండే అవకాశమే ఎక్కువ. కెమెరా చుట్టూ ప్రదక్షిణ చేసినంత మాత్రాన అది చెరగదు. వరల్డ్ ప్రెస్ ఫోటో పోటీ చివరి వడపోతలో కెమెరా నమోదు చేసిన అసలు ఫైల్ తెమ్మంటుంది. రాయిటర్స్ వార్తాసంస్థ 2015లో తన బయటి ఫోటోగ్రాఫర్లకు ఏకంగా, రా ఫైల్‌నుంచి తయారుచేసినవి వద్దు, కెమెరా ఇచ్చిన జేపెగ్ పంపండి అని కబురు పెట్టింది. 2023లో వచ్చిన లైకా ఎం11 పీ కెమెరా అయితే తీసిన క్షణంలోనే ఫోటో మీద డిజిటల్ సంతకం పెట్టగలదు. తర్వాత ఎవరు ఒక చుక్క మార్చినా ఆ సంతకం సరిపోలదు. అలాంటి కెమెరా కొనుక్కున్నవాడు మన సభ్యత్వానికి అనర్హుడు.

ఒక మాట చెప్పుకోవాలి. కెమెరాలోనే చిన్నచిన్న మార్పులు చేసుకునే రీటచ్ మెనూ చాలా నికాన్‌లలో ఉండేది. వెలుగు పెంచడం, అంచులు కోయడం, నలుపు తెలుపు చేయడం వగైరా. అలా చేసిన నకలు చక్కగా కెమెరాలోనే ఉండిపోతుంది. ఏ వైరూ అక్కర్లేదు, ఏ అబద్ధమూ అక్కర్లేదు. కానీ ఆ నకలు పేరు మామూలు ఫోటోల్లా డీఎస్‌సీతో కాక సీఎస్‌సీతో మొదలయ్యేది. తన చేతులతో చేసిన మార్పును కూడా పేరులోనే ఒప్పుకునే యంత్రంతో మనం "ఇలాగే తీసింది" అనిపించాలనుకుంటున్నాం. పని ఎంత కష్టమో దీన్నిబట్టి ఊహించుకోండి.

ఇన్ని సలహాలూ పాటించాక మీ ఫోటో కెమెరా తెర మీద కనబడితే ఎక్కడో లోపం జరిగిందని గ్రహించి మొదటినుంచి మళ్లీ ప్రారంభించండి. ప్రయోగాలకు మాత్రం మీ సొంత కార్డు వాడండి. పెళ్లివారి కార్డు జోలికి పోకండి, ఫోటోలు పోయాయని వాళ్లను మళ్లీ పీటల మీద కూర్చోబెట్టలేం.