మా ఇంటి పేషెంటు మొర

పెళ్ళై పదహారేళ్ళైంది. నిన్న పొద్దున మా ఆవిడ నా మంచం పక్కన నిలబడి, చిరునవ్వు నవ్వి, ఇంగ్లీషులో నా పేరేమిటని అడిగింది. చెప్పాను. పుట్టిన తేదీ అడిగింది. చెప్పాను. నా మణికట్టుకు దారంతో కట్టిన అట్టముక్క మీద రెండూ సరిచూసుకుంది. పడనివేమైనా ఉన్నాయా అంది. కాఫీ ఒకటి, ఆరున్నర నుంచీ గొంతులో పడలేదు అన్నాను. "పేషెంటు సహకరించడం లేదు" అని తెలుగులో గొణిగి మళ్ళీ నా పేరు దగ్గరికొచ్చింది.

ఆవిడకు మతిమరుపేమీ లేదు. నర్సు. గుంటూరులో పద్నాలుగేళ్ళుగా ఐసీయూ డ్యూటీ. ఎన్ని ప్రాణాలు ఆ చేతుల మీదుగా గట్టెక్కాయో లెక్క రాసుకోలేదు. ఇప్పుడు అదే పని ఇంగ్లండులో చేయాలంటే, ఆ పని తనకు వచ్చునని అక్కడి నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్‌కు రుజువు చేసుకోవాలి. ఎన్‌ఎంసీ అంటారు. మా ఇంట్లో ఈ మధ్య వేంకటేశ్వరస్వామి కంటే ఎక్కువసార్లు వినబడే పేరు అదే.

అసలు ఈ ముప్పు మా దాకా రావాల్సింది కాదు. ఒకప్పుడు బ్రిటన్ ప్రభుత్వ నియామక నియమావళిలో మన దేశంలోని నాలుగు రాష్ట్రాల నుంచి పనిగట్టుకుని నర్సులను తీసుకెళ్ళకూడదని ఉండేది. ఆంధ్రప్రదేశ్, మధ్యప్రదేశ్, ఒడిశా, పశ్చిమ బెంగాల్. తాము సాయం చేస్తున్న చోటి నుంచే నర్సులను పట్టుకుపోతే బాగుండదని కాబోలు. ఎంత చక్కటి నియమం! నా కాఫీకి అంత గట్టి కాపలా మళ్ళీ దొరకలేదు. ఆ వాక్యం కొట్టేసిన మహానుభావుడెవరో, ఆయన భార్య ఏం ఉద్యోగం చేస్తుందో.

మొదటి గండం ఇంగ్లీషు. ఐఈఎల్‌టీఎస్ రాయొచ్చు, ఓఈటీ రాయొచ్చు. ఆస్పత్రి భాష కదా అని మా ఆవిడ ఓఈటీ పట్టుకుంది. వినడం, చదవడం, మాట్లాడటంలో 350 చొప్పున రావాలి. రాయడంలో 300 వచ్చినా ఒప్పుకుంటారు. ఆ రాతపరీక్ష ఏమిటంటే, కేసు కాగితాలు చదివి, ఇంకొకరికి పేషెంటును అప్పగిస్తూ 180 నుంచి 200 మాటల్లో ఉత్తరం రాయాలి. చదవడానికి 5 నిమిషాలు, రాయడానికి 40. అభ్యాసం ఫ్రిజ్ తలుపు మీద జరుగుతోంది. మొన్న డ్యూటీకి పోతూ మా అమ్మ పేరిట అంటించి వెళ్ళిన చీటీ సారాంశం: ఇతడు 44 ఏళ్ళ పురుషుడు, నడవగలడు, తన పప్పు తాను వేడి చేసుకోగలడు, సున్నుండల డబ్బా వైపు వెళ్ళకుండా గమనించగలరు.

మాట్లాడే పరీక్షకు ఇద్దరు మనుషుల నాటకం కావాలి. నాకు కోపిష్ఠి బంధువు వేషం ఇచ్చింది. ఆ వేషానికి నేను విడిగా ఏమీ నేర్చుకోనక్కర్లేకపోయింది.

తర్వాత కాగితాలు. ఇక్కడ నా దుఃఖం కాస్త తీరిగ్గా చెప్పుకోవాలి. ఆవిడ పేరులో లక్ష్మి ఉంది. పదో తరగతి మెమోలో ఆ లక్ష్మికి ఎక్స్ వేశారు. జీఎన్‌ఎం నర్సింగు కోర్సు సర్టిఫికెట్లో కేఎస్‌హెచ్ వేశారు. పాస్‌పోర్టులో ఇంటిపేరు మా నాన్నగారిది, మెమోలో వాళ్ళ నాన్నగారిది, అదీ ఒక్క పొడి అక్షరం. మనకు ఇంటిపేరు ముందుంటుంది, ఇంగ్లీషువాళ్ళకు వెనకుంటుంది. ఈ ముగ్గురు లక్ష్ములూ ఒక్కరేనని నోటరీ దగ్గర ప్రమాణం చేయించాను. చదివింది హైదరాబాదులో, 2009లో. 2014లో రాష్ట్రం రెండైంది. ఒక ఆఫీసుకు పోతే ఇది ఆ రాష్ట్రం కాగితం అన్నారు. ఇంకో ఆఫీసుకు పోతే మీరుండేది ఈ రాష్ట్రం కాదుగా అన్నారు. గుంటూరు-సికింద్రాబాదు రైల్లో టీ అమ్మే కుర్రాడికి నా మొహం గుర్తే.

మా ఆవిడతో పనిచేసిన మలయాళీ సిస్టర్లకు ఈ దారి మనకు ఆర్టీసీ బస్టాండు తెలిసినట్టు తెలుసు. వాళ్ళలో సగం మంది ఇప్పటికే దాటేశారు. రాత్రి పన్నెండింటికి ఫోన్లో సలహాలు చెప్పేదీ వాళ్ళే. అప్పుడు వాళ్ళకు సాయంత్రమట.

సీబీటీ అనే కంప్యూటరు పరీక్ష హైదరాబాదులోనే రాయొచ్చు. లెక్కలు 15, నర్సింగు ప్రశ్నలు 100. లెక్కలు నేను చెప్పిస్తానన్నాను, బీకాం చదివిన మొగుణ్ణి కదా. వెయ్యి ఎంఎల్ సెలైను, ఎనిమిది గంటలు, ఎంఎల్‌కు ఇరవై చుక్కలు, నిమిషానికి ఎన్ని? అని చదివి ఫోన్లో క్యాలిక్యులేటరు వెతుకుతున్నాను. పెనం మీద అట్టు తిరగేస్తూ "42" అంది. నాకు 41.67 వచ్చింది. "చుక్కను ఎక్కడ కోస్తారండీ?" అంది. ఆ రోజు నుంచి నన్ను మళ్ళీ రోగి పదవికే పరిమితం చేశారు.

రోగి అవసరం ఆస్కీ అనే ప్రాక్టికల్ పరీక్షకు. అది ఇంగ్లండు వెళ్ళాక పెడతారు. పది స్టేషన్లు. మేం చూసినప్పుడు సీబీటీకి 83 పౌండ్లు, దీనికి 794. ఉద్యోగమిచ్చే ఆస్పత్రి పెట్టుకుంటే సరే, లేకపోతే మా ఆవిడ నల్లపూసలు పెట్టుకోవాలి. ఇందులో పని చేస్తే చాలదు, చేస్తున్నట్టు పైకి చెప్పాలి. "ఇప్పుడు నేను చేతులు శుభ్రం చేసుకుంటున్నాను" అని మూలనున్న కుర్చీతో అంటుంది. కుర్చీ ఎగ్జామినరు.

నేను బడికి పోయే వేళల్లో మంచం మీదికి మా అమ్మ వస్తుంది. బడి అంటే నేను లెక్కలు చెప్పే చోటు కాదు లెండి, గుమాస్తాగిరీ. మా అమ్మకు ఈ వైభోగం బాగా నచ్చింది. నొప్పి సున్నా నుంచి పదిలో ఎంత అత్తయ్యా అంటే, "పన్నెండు వేసుకో" అంటుంది. పుట్టిన తేదీ మాత్రం గట్టిగా అప్పజెబుతుంది. బళ్ళో చేర్చినప్పుడు పంతులుగారు ఇష్టమొచ్చినట్టు వేసిన జూలై 1 అది. ఇన్నేళ్ళలో ఆ తేదీని ఇంత గౌరవంగా అడిగినవాళ్ళు లేరు.

పోయిన గురువారం రాత్రి, మా ఆవిడ డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విడుస్తూ హాల్లోకి ఒక్కసారి చూసింది. అమ్మ టీవీ ముందే ఉంది, నేనూ అక్కడే ఉన్నాను, నాకేమీ కనబడలేదు. బ్యాగు కింద పడేసి వంటింట్లోకి పరుగెత్తి పంచదార నీళ్ళు తెచ్చి అమ్మతో కొంచెం కొంచెంగా తాగించింది. నుదుట చెమట, వేళ్ళ వణుకు అప్పుడు చూశాను. షుగరు మిషను వెతికి తెచ్చి చూస్తే 58.

పావుగంటకు అమ్మ తేరుకుంది. నేను నా ప్రాణం కూడగట్టుకుని, "పేరు అడగలేదు, తేదీ అడగలేదు, పట్టీ చూడలేదు" అన్నాను.

"చేతులు కూడా కడుక్కోలేదండీ," అంది నేల మీద కూలబడుతూ. "ఫెయిలే."

అమ్మ గ్లాసు అడుగున మిగిలిన పంచదార వేలితో తీసి నోట్లో వేసుకుంది. ఎవరూ అడక్కుండానే కుర్చీ వైపు తిరిగి, "జూలై ఒకటి, పంతొమ్మిదివందల యాభై ఏడు" అంది.