కోడలు వచ్చింది, అల్లుడుగారు వచ్చారు

తిరువూరు బస్టాండులో పది నిమిషాలు నిలబడితే వ్యాకరణం పుస్తకం కొనక్కర్లేదు. విజయవాడ బస్సు వచ్చింది. అడ్డంగా గేదె వచ్చింది. చంకలో పిల్ల, చేతిలో రెండు సంచులతో కోడలు దిగింది. వెనకాలే చేతులూపుకుంటూ కొడుకు దిగాడు. బస్సుకీ గేదెకీ కోడలికీ క్రియ తోక ఒకటే. చేతులూపుకుంటూ దిగినవాడికి మాత్రం ప్రత్యేకం.

ఇది వ్యాకరణకర్త చిన్నయసూరి చేసిన అన్యాయం కాదు. ఉన్న భాషను చూసి 1858లో బాలవ్యాకరణంలోకి ఎక్కించాడంతే. మగవాళ్లు మహత్తు; పశువులు, వస్తువులు, వాటి సరసన ఒంటరి ఆడమనిషి అమహత్తు. పొరుగున తమిళులూ కన్నడిగులూ ఆడవాళ్లకు విడిగా ఓ ప్రత్యయం కేటాయించారు. మనం పొదుపరులం.

తిరకాసేమిటంటే, పక్కన ఇంకో ఆడమనిషి నిలబడగానే ఇద్దరూ ‘వచ్చారు’ అయిపోతారు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టు మీదికి గుంపుగానే వెళ్లారు. 1993లో నిషేధంతో సారా పోయింది, 1995లో మద్యమే పోయింది. కొన్నాళ్లకు మళ్లీ వచ్చింది. (మద్యం అమహత్తు కనుక ‘వచ్చింది’ అనే అనాలి.)

పోనీ, పాపమంతా వ్యాకరణం నెత్తిన రుద్దుదామా? పారసీలో ఆడామగా ఇద్దరికీ ఒకటే సర్వనామం. ఇరాన్‌లో తలముసుగు చట్టానికి మాత్రం ఎవరు ఆడో పోల్చుకోవడం ఏనాడూ కష్టం కాలేదు. సంస్కృతంలో ‘భార్య’ స్త్రీలింగం, ‘దార’ పుంలింగం, ‘కళత్రం’ నపుంసకలింగం. మూడింటికీ వంటగది ఒకటే.

తెలుగులో ఇంకో దొడ్డిదారి ఉంది: గౌరవ బహువచనం. 2009లో తిరువూరు నుంచి దిరిశం పద్మజ్యోతి ఎమ్మెల్యేగా ‘గెలిచారు’. పేపరు భాషలో ‘గెలిచింది’ అనరు. కలెక్టరమ్మ వస్తారు, డాక్టరమ్మ చూస్తారు. పదవి ఉంటే ఒక్కరైనా బహువచనమే.

మరి పనీపాటా లేని అల్లుడికి ఏ పదవి ఉందని? అయినా ఆయన ‘వచ్చారు’. బ్యాంకులో ఉద్యోగం చేసి, జీతంలో సగం ఇంటి వాయిదాకి కట్టే కోడలు ‘వచ్చింది’. ఆవిడ మొగుణ్ని ‘ఏమండీ’ అంటుంది. ఆయన ‘ఏమే’ అంటాడు. అల్లుడికి గారు తగిలించమని, కోడలికి తీసెయ్యమని బాలవ్యాకరణంలో సూత్రమేదీ లేదు. అది మనం ఇళ్లలో సొంతంగా రాసుకున్న వ్యాకరణం, సవరణ కూడా మన చేతిలోదే.

‘కోడలుగారు వచ్చారు’ అనడంలో వ్యాకరణ దోషం ఒక్కటీ లేదు. ఈ సంక్రాంతికి మామగార్లు ఒకసారి అని చూడవచ్చు.